ఇంట్లో పాట రికార్డింగ్: గెయిన్, లెవెల్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబరు రాగానే ఫోన్లు మొదలవుతాయి. ఒంగోలు, కందుకూరు వైపు నుంచి క్రిస్మస్ పాటలవాళ్లు, నెల్లూరు, కావలి నుంచి ధనుర్మాసం భజన బృందాలవాళ్లు, ఈ రెంటితో సంబంధం లేకుండా జానపదాలు పాడి యూట్యూబ్‌లో పెట్టుకునే కుర్రాళ్లు. పాటలు వేరైనా బాధ ఒకటే, గొంతు వినపడటం లేదనో, పగిలిపోతోందనో. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పే బదులు అందరూ అడిగేవన్నీ ఇక్కడ రాసిపెడుతున్నా. ఒక గది, ఒకటో రెండో మైకులు, రెండు చానెళ్ల ఇంటర్‌ఫేస్ (మైకును లాప్‌టాప్‌కు కలిపే పెట్టె), ఒక లాప్‌టాప్ ఉన్నవాళ్ల కోసం ఇది. అంతకంటే పెద్ద సెటప్ ఉన్నవాళ్లకు ఇందులో కొత్త విషయం పెద్దగా దొరకదు.

గెయిన్ అన్నా వాల్యూమ్ అన్నా ఒకటే కదా?

కాదు. మైకు నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది. దాన్ని రికార్డింగ్‌కు సరిపడేంత పెంచేది గెయిన్, ఇంటర్‌ఫేస్ ముందువైపు ఉండే నాబ్ అదే. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ట్రాక్‌కూ పైకీ కిందికీ జరిపే మీట ఫేడర్. దాని పని తర్వాత మొదలవుతుంది, రికార్డయిన గొంతు మిక్స్‌లో, అంటే అన్నీ కలిపిన పాటలో, ఎంత వినపడాలో తేల్చేది అది. గెయిన్ ఎక్కువై గొంతు పగిలాక ఫేడర్ ఎంత కిందికి లాగినా ఆ పగిలిన గొంతే చిన్నగా వినిపిస్తుంది. బోరులోంచి బురదనీళ్లు వస్తుంటే ఇంట్లో కుళాయి సన్నగా తిప్పినంత మాత్రాన నీళ్లు తేటపడవు కదా, అంతే.

ఇక మూడో నాబ్ హెడ్‌ఫోన్‌ది. దానికీ రికార్డింగ్‌కూ ఏ సంబంధమూ లేదు. హెడ్‌ఫోన్లో తన గొంతు తనకు వినపడటం లేదని పాడేవాళ్లు అంటారు, పక్కన కూర్చున్నవాడు హెడ్‌ఫోన్ నాబ్ పెంచకుండా గెయిన్ నాబ్ పెంచేస్తాడు. సగం టేకులు (ఒక్కోసారి పాడి రికార్డ్ చేసినవి) పాడయ్యేది ఇక్కడే.

రికార్డ్ చేసేటప్పుడు మీటర్ ఎంతవరకు రావాలి?

డిజిటల్ మీటర్లో సున్నా అంటే పైకప్పు. దానికి పైన ఏమీ లేదు, అంతకు మించి వచ్చినదంతా కత్తిరించుకుపోతుంది, దాన్నే క్లిప్పింగ్ అంటాం. కాబట్టి మనం మాట్లాడేవన్నీ మైనస్ అంకెలే. గొంతు సగటున మైనస్ 18 డీబీ (డెసిబెల్, శబ్దం ఎక్కువతక్కువల కొలత) దగ్గర ఆడుతూ, గట్టిగా ఎత్తుకున్నచోట మైనస్ 10, మహా అయితే మైనస్ 8 దాకా వస్తే చాలు. మీటర్ సగం దాకానే వస్తోంది, పచ్చరంగు దాటడం లేదు అని కంగారు పడొద్దు, అది ఉండాల్సినచోటే ఉంది.

గెయిన్ పెట్టేటప్పుడు అందరూ "హలో, చెక్, వన్ టూ త్రీ" అని మామూలుగా మాట్లాడి పెడతారు. తీరా పాట మొదలయ్యాక చరణం చివర తారస్థాయిలో ఒక్క ఆలాపన తీసేసరికి మీటర్ ఎర్రబడుతుంది. అందుకే ముందుగా ఆ పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే చోటే పాడించండి, కూర్చుని కాదు, అసలు టేకులో ఎలా నిలబడి పాడతారో అలాగే. ఆ చోట మైనస్ 12 వచ్చేలా నాబ్ పెట్టండి. ఎందుకంటే అసలు టేకులో ఊపు వచ్చేసరికి ఎవరైనా టెస్టులో కంటే రెండు మూడు డీబీ ఎక్కువే పాడతారు, కొత్తవాళ్లయితే ఇంకా ఎక్కువ.

అంత తక్కువలో రికార్డ్ చేస్తే క్వాలిటీ పోదా?

క్యాసెట్ల రోజుల్లో పోయేది. టేపుకు సొంతంగా ఒక బుస్సుమనే శబ్దం ఉండేది కాబట్టి దాన్ని దాటడానికి వీలైనంత గట్టిగా రికార్డ్ చేసేవాళ్లు. ఆ అలవాటు మాట రూపంలో ఇంకా తిరుగుతోంది, టేపు మాత్రం పోయింది. ఇప్పుడు 24 బిట్‌లో రికార్డ్ చేస్తే లెక్క ప్రకారం అతి చిన్న శబ్దం నుంచి పైకప్పు దాకా 144 డీబీ జాగా ఉంటుంది. ఒక్కో బిట్‌కు దాదాపు 6 డీబీ. మీరు పైన 18 డీబీ ఖాళీ వదిలేసినా పోయేది 3 బిట్లు, ఇంకా 21 ఉన్నాయి, సీడీలో ఉండేవే 16. మన ఇళ్లలో గది శబ్దమే వీటన్నిటికంటే చాలా పైన ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ ఉందో లేదో ఒక్కసారి చూసుకోండి, వీడియోకు వాడేది 48 కాబట్టి. మోనోలో, అంటే ఒకే చానెల్‌లో, నిమిషానికి 8.6 ఎంబీ అవుతుంది, ఇప్పటి డిస్కులకు అదేమంత లెక్క కాదు.

పగిలిపోయిన టేకును సాఫ్ట్‌వేర్‌తో బాగుచేయొచ్చా?

డీక్లిప్ అనే ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల లైట్‌గా తగిలితే అతికేస్తాయి. చరణం మొత్తం పగిలితే మళ్లీ పాడించడం తప్ప దారి లేదు. పాడినాయన మళ్లీ రావడానికి మొహమాటపడతారని ఆ టేకునే ఉంచి మూడు రాత్రులు ప్లగిన్లతో కుస్తీ పట్టేవాళ్లను చూశాను, మళ్లీ పాడితే పది నిమిషాల పని అది.

డప్పు రికార్డ్ చేస్తే మీటర్ బాగానే ఉంది, వింటే మాత్రం చిటపటలాడుతోంది. ఎందుకు?

డప్పు, మృదంగం, డోలు, తాళాలు గొంతులాంటివి కావు. దెబ్బ పడిన క్షణంలో లెవెల్ ఒక్కసారిగా లేచి మళ్లీ అంతే వేగంగా పడిపోతుంది. సగటు చూపించే మీటర్ అయితే ఆ ముల్లు లేచేలోపే దెబ్బ అయిపోతుంది, మీకు మైనస్ 18 కనపడుతుంటే అసలు దెబ్బ సున్నాకు తగిలి వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి వీటికి పీక్ మీటర్ (ఆ క్షణంలో వచ్చిన గరిష్ఠ లెవెల్ చూపించేది) చూడాలి, ఆ పీక్ మైనస్ 10 దాటకుండా పెట్టుకోవాలి. సగటు ఎంత వచ్చిందని పట్టించుకోవద్దు.

డప్పుకు మైకును మూడు నాలుగు అడుగుల దూరంలో, చర్మం మధ్యకు గురిపెట్టకుండా కొంచెం పక్కకు తిప్పి పెట్టండి. ఇంటర్‌ఫేస్ మీద గానీ మైకు మీద గానీ ప్యాడ్ అనే స్విచ్ ఉంటే వేయండి, చాలావాటిలో అది 10 నుంచి 20 డీబీ తగ్గిస్తుంది. గెయిన్ నాబ్ మొత్తం కిందికి తిప్పేసినా పగులుతోందంటే మైకు లోపలో, ఇంటర్‌ఫేస్‌లోకి వచ్చేచోటో పగులుతోందని అర్థం, అప్పుడు ప్యాడ్ అయినా వేయాలి, దూరమైనా జరగాలి. మృదంగం వాయించేవాళ్లయితే ముక్తాయింపు ఒకసారి వాయించమని అడిగి దాని మీద గెయిన్ పెట్టండి. ఆది నుంచి మెల్లగా వాయించి చివర్లో వాయించే ఆ నాలుగు ఆవృత్తాల్లోనే అసలు గండం ఉంటుంది.

ఒకే మైకు ముందు డప్పూ గొంతూ కలిపి రికార్డ్ చేస్తే ఎలా అని కూడా అడుగుతారు. చేయొచ్చు, కానీ తర్వాత గొంతు ఒక్కటే పెంచడం కుదరదు. బ్యాలెన్స్ అంతా నిలబడే దూరంతోనే: గొంతు మైకుకు జానెడు దూరంలో, డప్పు గది అవతలి మూల. దూరం రెట్టింపయితే ఖాళీ ప్రదేశంలో 6 డీబీ తగ్గుతుంది. గదిలో గోడల ప్రతిధ్వని వల్ల అంత తగ్గదు.

గెయిన్ పెంచితే ఫ్యాన్ చప్పుడు కూడా వస్తోంది. ఏం చేయాలి?

రోహిణి కార్తెలో నెల్లూరులో ఫ్యాన్ ఆపి పాడమంటే ఎవరు పాడతారు చెప్పండి. అయినా ఆపాల్సిందే. నాలుగు నిమిషాల టేకుకు ఆపి, టేకు కాగానే వేసుకోండి.

గెయిన్ గొంతునూ ఫ్యాన్‌నూ ఒకేలా పెంచుతుంది, అది మనుషులను గుర్తుపట్టదు. రెంటి మధ్య తేడా పెరగాలంటే గొంతు మైకుకు దగ్గర కావాలి. రెండడుగుల దూరంలో ఉన్నవాళ్లు అడుగు దూరానికి వస్తే గొంతు సుమారు 6 డీబీ పెరుగుతుంది, ఫ్యాన్ చప్పుడు అలాగే ఉంటుంది, అప్పుడు గెయిన్ ఆ 6 తగ్గిస్తే ఫ్యాన్ కూడా 6 తగ్గినట్టే. పైసా ఖర్చు లేని నాయిస్ రిడక్షన్ (చప్పుడు తగ్గించడం) ఇది. మరీ ఆరంగుళాల లోపలికి వస్తే గొంతులో బేస్ ఉబ్బుతుంది, "భ", "ప్ర", "ఫ" లాంటి అక్షరాలు మైకులో గుప్పుమంటాయి. "ప్రభువా" అనో "భగవంతుడా" అనో మొదలయ్యే పాటలే మనకు ఎక్కువ కాబట్టి పాప్ ఫిల్టర్ (మైకు ముందు పెట్టే సన్నటి జల్లెడ) పెట్టుకుని, మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్క నుంచి పెట్టండి.

బయటి చప్పుళ్ల సంగతి వేరే. చీమకుర్తి వైపు గ్రానైట్ కోత మిషన్లు, తీరం వెంబడి రొయ్యల చెరువుల దగ్గర రాత్రంతా తిరిగే ఏరేటర్లు, రైల్వే లైను పక్కన ఇళ్లకు గూడ్సు బండ్లు. వీటికి గెయిన్‌తో మందు లేదు. ఏ టైములో నిశ్శబ్దంగా ఉంటుందో మీ ఊరి సంగతి మీకే తెలుస్తుంది. పాడటం మొదలుపెట్టే ముందు ఒక పది సెకన్లు ఖాళీ గదిని రికార్డ్ చేసి ఉంచుకోండి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ వాడాలంటే ఆ ముక్క శాంపిల్‌గా కావాలి. 6 నుంచి 10 డీబీ వరకు తగ్గిస్తే పరవాలేదు. అంతకు మించితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు తయారవుతుంది.

ఎవరూ పాడకపోయినా "జుం" అని వస్తోంది. మైకు పోయిందా?

చాలాసార్లు లాప్‌టాప్ చార్జర్. తీసేసి బ్యాటరీ మీద రికార్డ్ చేసి చూడండి, పోయిందంటే దొంగ దొరికినట్టే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ జుం 50 దగ్గరా, దాని రెట్లు 100, 150 దగ్గరా ఉంటుంది. అందుకే 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకు కిందివాటిని తగ్గించే ఫిల్టర్) వేసినా మొత్తం పోదు. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఎక్కువయ్యే జుం కూడా ఉంటుంది, కరెంటు వచ్చేదాకా ఆగండి. జుం పోతుందని ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేసే తెలివి మాత్రం వద్దు, షాక్ కొడుతుంది.

గెయిన్ ఫుల్‌గా పెట్టినా లెవెల్ రావడం లేదు?

కండెన్సర్ మైకు అయితే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్‌లోంచే మైకుకు కరెంటు పంపేది) బటన్ నొక్కారా చూడండి. నవ్వకండి, పది ఫోన్లలో నాలుగైదు ఇదే. డైనమిక్ మైకు అయితే దానికి సహజంగానే ఎక్కువ గెయిన్ కావాలి, ష్యూర్ ఎస్‌ఎం7బీ లాంటివాటికి సుమారు 60 డీబీ దాకా కావాలి, చిన్న ఇంటర్‌ఫేస్‌లు కొన్ని అక్కడికి వచ్చేసరికి రొప్పుతాయి. దగ్గరగా పాడండి. లేదా తక్కువలోనే రికార్డ్ చేసి సాఫ్ట్‌వేర్‌లో పెంచుకోండి.

ఫోన్లో రికార్డ్ చేస్తే లెవెల్ దానంతట అదే పెరుగుతోంది, తగ్గుతోంది. ఎందుకు?

ఫోన్ తన ఇష్టం వచ్చినట్టు గెయిన్ మారుస్తుంది. పాడుతున్నప్పుడు తగ్గించి, చరణానికీ చరణానికీ మధ్య మీరు ఊపిరి తీసుకునేసరికి పెంచేస్తుంది, అప్పుడు ఫ్యాన్ చప్పుడు ఉప్పెనలా పైకి లేస్తుంది. మాన్యువల్ గెయిన్ ఉన్న రికార్డింగ్ యాప్ వాడి ఆటోను ఆపేయండి. ఒకసారి ఆటోలో రికార్డయ్యాక దాన్ని సరిచేయడం శుద్ధ దండగ.

మిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫేడర్లన్నీ కిందికి దించేయండి. ప్లగిన్లు ఏవీ వద్దు, ఎకో అసలే వద్దు. మామూలుగా జరిగేది ఏంటంటే, తాళాలు వినపడలేదని పెంచుతారు, దాంతో గొంతు తగ్గినట్టుంటుంది, గొంతు పెంచుతారు, ఇప్పుడు హార్మోనియం వెనక్కి పోయింది, అది పెంచుతారు. అరగంటలో అన్నీ పైకప్పుకు తగులుతుంటాయి, బ్యాలెన్స్ మాత్రం మొదట ఉన్నట్టే ఉంటుంది. ఏదైనా వినపడకపోతే దాన్ని పెంచే ముందు దేన్ని తగ్గిస్తే అది వినపడుతుందో వెతకండి. నేను మిక్స్‌లో చేసే పనిలో ఎక్కువ భాగం తగ్గించడమే.

ఒక భజన పాట అనుకోండి: ముఖ్య గాయకుడు, నలుగురు వంత పాడేవాళ్లు, హార్మోనియం, మృదంగం, తాళాలు. ముందు ముఖ్య గాయకుడి ఫేడర్ ఒక్కటే పైకి తెచ్చి పీక్ మైనస్ 10 దగ్గర నిలపండి, ఇక పాట అయిపోయేదాకా దాన్ని ముట్టుకోవద్దు. ఆ తర్వాత మృదంగం తీసుకురండి. దెబ్బ స్పష్టంగా వినపడాలి, అయితే గొంతు మీద కూర్చోకూడదు. తర్వాత హార్మోనియం. ఇది అసలు ఇబ్బంది పెట్టే వాద్యం, ఎందుకంటే గొంతు ఏ శ్రుతిలో, ఏ స్థాయిలో ఉంటుందో అదీ అక్కడే ఉంటుంది, పైగా ఆగకుండా మోగుతుంది. అది వినపడుతోంది అనిపించినచోటి నుంచి మరో 3 డీబీ తగ్గించండి. మధ్యలో హార్మోనియం ఒక్కటే వాయించే చోట దాన్ని పెంచుకుంటే చాలు. వంతపాటవాళ్లు ముఖ్య గొంతు కంటే 4 నుంచి 6 డీబీ కింద, కుడి ఎడమలకు సర్ది. తాళాలు అన్నిటికంటే చివర, మీకు సరిపోయింది అనిపించినదానికంటే తక్కువగా. తాళాల శబ్దం సన్నగా, పదునుగా ఉంటుంది కాబట్టి చాలా తక్కువ లెవెల్‌లో కూడా బయటపడుతుంది. మీటర్ చూసి తాళాలు తక్కువయ్యాయని పెంచితే ఇయర్‌ఫోన్లో వినేవాళ్లకు తలనొప్పి వస్తుంది.

వినే వాల్యూమ్ కూడా మార్చకుండా ఉంచుకోండి. తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్ తక్కువగా వినపడుతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. గట్టిగా పెట్టుకుని మిక్స్ చేస్తే అన్నీ నిండుగా అనిపించి బేస్ తక్కువ వేస్తారు, తర్వాత మామూలు సౌండ్‌లో వింటే పాట చప్పగా ఉంటుంది. పక్కన మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగే వాల్యూమ్ అయితే సరిపోతుంది.

కరోకే ట్రాక్ మీద పాడితే ట్రాక్ గొంతును మింగేస్తోంది అన్నా, గొంతు ఎంత పెంచాలి?

గొంతు పెంచొద్దు, ట్రాక్ తగ్గించండి. ఆ ట్రాక్ ఎవరో మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి మెరుగు) చేసి, లిమిటర్ (పీకులను ఒక గీత దాటనివ్వని ప్లగిన్) వేసి సున్నా దాకా నొక్కి పెట్టిన ఫైలు. మీ గొంతు మైనస్ 18 దగ్గర పచ్చిగా ఉంది. ఒకే ఎత్తున నిలబడని ఇద్దరికి పోటీ పెట్టినట్టే. ట్రాక్ ఫేడర్‌ను ఏకంగా 10 లేదా 12 డీబీ దించేయండి, అప్పుడు గొంతు కలపండి. మొత్తం సౌండ్ తగ్గిందే అనిపిస్తే స్పీకర్ నాబ్ పెంచుకోండి, పాట చివరి లెవెల్ సంగతి ఆఖర్న చూసుకుంటాం.

పల్లవిలో గొంతు బాగుంది, లైన్ల చివర మాటలు వినపడటం లేదు. కంప్రెసర్ వేయాలా?

ముందు చేత్తో సరిచేయండి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, ఊపిరి తగ్గేదీ అక్కడే. "నిన్నే నమ్మి వచ్చాను" అని పాడితే "నిన్నే" మైనస్ 10 దగ్గర, "వచ్చాను"లో ఆ చివరి "ను" మైనస్ 25 దగ్గర ఉంటుంది. వచ్చాడో పోయాడో వినేవాడికి తెలియదు. ఆ ముక్కను కత్తిరించి క్లిప్ గెయిన్ (ఆ ముక్క ఒక్కదాని లెవెల్) 4, 5 డీబీ పెంచండి. ఊపిరి తీసే శబ్దాలను 6 డీబీ తగ్గించండి, మొత్తం తీసేస్తే మనిషి పాడినట్టుండదు. పాట మొత్తానికి ఇలా చేయడానికి గంట పడుతుంది, కానీ ఏ ప్లగిన్ చేయలేని పని ఇది.

ఆ తర్వాత కంప్రెసర్, అంటే గట్టిగా వచ్చినచోట గొంతును దానంతట అదే తగ్గించేది. 3:1 రేషియో అంటే గొంతు త్రెషోల్డ్ (తగ్గించడం మొదలయ్యే గీత) దాటి 6 డీబీ పైకి వెళ్తే బయటికి 2 డీబీ మాత్రమే వస్తుంది, 4 తగ్గినట్టు. గట్టిగా పాడినచోట ముల్లు 3 నుంచి 5 డీబీ తగ్గింపు చూపిస్తే చాలు. తగ్గినదాన్ని తిరిగి పెంచే మేకప్ గెయిన్ అని ఒకటి ఉంటుంది, అక్కడ జాగ్రత్త: గట్టిగా వినపడేదేదైనా మన చెవికి బాగున్నట్టే అనిపిస్తుంది. కంప్రెసర్ ఆన్‌లో, ఆఫ్‌లో ఒకే వాల్యూమ్ వచ్చేలా పెట్టుకుని అప్పుడు పోల్చండి. సగంసార్లు ఆఫ్‌లోనే బాగుందని తేలుతుంది.

ఒక్కో ట్రాక్ మామూలుగానే ఉంది, మాస్టర్ మాత్రం ఎర్రబడుతోంది?

మాస్టర్ అంటే ట్రాకులన్నీ కలిసే చోటు. కలిస్తే పెరుగుతాయి. వేర్వేరు శబ్దాలు రెండు సమానంగా కలిస్తే సుమారు 3 డీబీ, ఎనిమిది కలిస్తే 9 డీబీ. ట్రాకులన్నిటినీ సెలెక్ట్ చేసి ఒకేసారి 6 డీబీ దించండి, బ్యాలెన్స్ చెదరదు. మాస్టర్ ఫేడర్ తగ్గించినా చాలదా అంటే, ఇప్పటి సాఫ్ట్‌వేర్లు లోపల 32 బిట్ ఫ్లోట్‌లో (సున్నా దాటినా కత్తిరించుకుపోని పద్ధతిలో) లెక్క కడతాయి కాబట్టి చాలావరకు చాలుతుంది. కానీ మాస్టర్ మీద కంప్రెసర్ లాంటిది పెట్టి ఉంటే ఫేడర్ దాని తర్వాత వస్తుంది, దానిలోకి పోయే సౌండ్ ఎక్కువగానే ఉంటుంది. పాత అనలాగ్ సామాన్లను అనుకరించే ప్లగిన్లు చాలావరకు మైనస్ 18 దగ్గర బాగా పనిచేసేలా చేసినవి, వాటిలోకి గట్టిగా తోస్తే గొంతు గరుకుగా మారుతుంది.

యూట్యూబ్‌లో నా పాట మిగతావాటికంటే చిన్నగా వస్తోంది. ఎంతకు పెట్టాలి?

పీక్ కాదు, ఎల్‌యూఎఫ్‌ఎస్ చూడాలి. చెవికి సగటున ఎంత గట్టిగా అనిపిస్తుందో చెప్పే కొలత అది. యూట్యూబ్ సుమారు మైనస్ 14ను దాటిన పాటలను ఆ మేరకు తగ్గిస్తుంది, తక్కువగా ఉన్నవాటిని మాత్రం పెంచదు. మీ వీడియో మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నర్డ్స్" తెరిస్తే "కంటెంట్ లౌడ్‌నెస్" అని ఒక అంకె కనపడుతుంది. ప్లస్ 5 అని ఉందంటే మీరు లిమిటర్‌తో నొక్కి నొక్కి పెంచిన ఆ 5 డీబీ వాళ్లు తీసేశారు, నొక్కుడు మాత్రం పాటలో మిగిలిపోయింది. మైనస్ 6 అని ఉంటే మీ పాట నిజంగానే చిన్నగా ఉంది. మిక్స్ అంతా అయ్యాక చివర లిమిటర్ పెట్టి, ట్రూ పీక్ (ఫైలు మళ్లీ శబ్దంగా మారేటప్పుడు వచ్చే అసలు పీక్) మైనస్ 1 దాటకుండా, మొత్తం పాట మైనస్ 14 దగ్గరికి వచ్చేలా చూసుకోండి. డప్పు పాటైతే మైనస్ 12 దాకా వెళ్లినా నాకు అభ్యంతరం లేదు, భక్తి పాటను అలా నొక్కితే చెవికి బరువుగా ఉంటుంది.

ఇయర్‌ఫోన్లో బాగుంది, గుడి మైక్‌సెట్‌లో వేస్తే వంతపాట మాయమైంది?

హారన్ స్పీకర్లు మోనో, పైగా వాటికి బేస్ ఉండదు. మీరు స్టీరియో వెడల్పు పెంచే ప్లగిన్ ఏదో వంతపాట మీద వేసి ఉంటారు, కుడి ఎడమలు కలిసేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. మాస్టర్ మీద మోనో బటన్ నొక్కి వినండి, ఏది తగ్గిపోతే దాని మీద ఆ ప్లగిన్ తీసేయండి. ఊళ్లో పండక్కి వేయడానికే చేసే పాట అయితే మొత్తం మిక్స్ మోనోలోనే చేయడం మేలు.

మిక్స్ వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ మారుతోంది?

ఆడియోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. మిక్సింగ్‌కు నాకో ఇంకెవరికో పంపేటట్టయితే ట్రాకులన్నీ విడివిడిగా, పాట మొదలు నుంచే, 24 బిట్ వేవ్ ఫైళ్లుగా, మాస్టర్ మీద లిమిటర్ తీసేసి పంపండి. ఫైలు పేర్లలో "ఫైనల్", "ఫైనల్ టూ", "అసలు ఫైనల్" కాకుండా "గొంతు", "మృదంగం" అని ఉంటే ఇంకా సంతోషం.